పాత నల్లబల్ల మీద నౌపడ బండి

తల్లిదండ్రులకు, ఇంట్లో ఉన్న తాతయ్యలకు, మామ్మలకు నమస్కారం.

ఈ నెల ఉత్తరం కాస్త పొడుగు. పరీక్షల సంగతి చివర రెండు ముక్కల్లో చెప్తాను. ముందు ఒక ఫిర్యాదుకు జవాబు చెప్పుకోవాలి. "మావాడు ఇంట్లో ఏదీ పారేయనివ్వట్లేదు మేడం, పాడైపోయిన టార్చి లైటు కూడా బ్యాగులో వేసుకొచ్చేస్తన్నాడు" అని మొన్నటి సమావేశంలో ఒక అమ్మ అన్నారు. పక్కనున్న నలుగురైదుగురు నవ్వారు. అంటే వాళ్ల ఇళ్లలోనూ అదే తంతు అన్నమాట. తప్పు పిల్లలది కాదు, నాది.

తరగతి గదుల్లోకి పెద్ద టీవీల్లాంటి ప్యానెళ్లు వచ్చాక పాత చెక్క నల్లబల్లలు స్టోరు గదిలో గోడకి ఆనుకుని ఉండిపోయాయి. అందులో ఒకటి 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. చెదలు పట్టకముందే ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటున్న రోజుల్లో మన పూర్వ విద్యార్థి ఒకాయన అటక సర్దుతూ దొరికిందని ఒక అట్టపెట్టె తెచ్చి ఇచ్చారు. లోపల బొమ్మ రైలు. వంపు పట్టాలు పన్నెండు, తిన్ననివి ఓ పది, కదలని ఇంజిన్ ఒకటి, చక్రాలు ఊడిన పెట్టెలు రెండు, వైరు పైతొడుగు పెళుసెక్కి రాలిపోతున్న ట్రాన్స్‌ఫార్మరు ఒకటి. ట్రాన్స్‌ఫార్మరును ఆ రోజే బీరువాలో పెట్టి తాళం వేశాను. మిగతాదంతా తొమ్మిదో తరగతి వాళ్ల చేతిలో పెట్టాం.

నల్లబల్లను రెండు బెంచీల మీద పడుకోబెడితే అదే లేఅవుట్, అంటే బొమ్మ రైలు తిరిగే నేల, అయింది. పన్నెండు వంపు పట్టాలు కలిపితే 18 అంగుళాల వ్యాసార్థంతో నిండు వలయం వస్తుంది. అడ్డంగా 3 అడుగులు. 4 అడుగుల బల్ల మీద అటు ఆరంగుళాలు, ఇటు ఆరంగుళాలు మిగిలాయి. నల్లబల్లతో ఇంకో సుఖం ఏమిటంటే, పట్టాలు ఎక్కడ పోవాలో సుద్దముక్కతో గీసుకోవచ్చు, నచ్చకపోతే డస్టరుతో తుడిచేయొచ్చు. అలా ఓ ఇరవైసార్లు తుడిచి ఉంటారు.

ఏ లైను కట్టాలన్న దానికి పెద్ద గొడవే జరిగింది. సగంమందికి అరకు లైను కావాలి. కొత్తవలసలో బయల్దేరి, 58 సొరంగాలు దాటుకుంటూ కొండలెక్కే లైను అంటే ఎవరికి ఆశ ఉండదు? కానీ లెక్కల టీచర్ ఒక స్కేలు తెచ్చి ఈ బొమ్మ పట్టాల మధ్య దూరం కొలిపించారు. 16.5 మిల్లీమీటర్లు. ఇది చాలా విదేశాల్లో వాడే 1435 మిల్లీమీటర్ల గేజికి, అంటే పట్టాల మధ్య దూరానికి, 87వ వంతు. మన బ్రాడ్ గేజి 1676. 87వ వంతుకి తగ్గిస్తే పట్టాల మధ్య 19 మిల్లీమీటర్లకు పైగా ఉండాలి. ఈ పట్టాల మీద మన మెయిన్ లైను బండి పెడితే ఇరుకు చెప్పుల్లో పెద్ద కాళ్లు పెట్టినట్టుంటుంది.

మరి ఈ పట్టాలకి సరిపోయే బండి మన శ్రీకాకుళం జిల్లాలో ఏదైనా ఉందా? ఉండేది. నౌపడ–గుణుపూర్ చిన్న లైను. పర్లాకిమిడి రాజావారు వేయించారు. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా మొదలైంది, 1931లో గుణుపూర్ చేరింది. పట్టాల మధ్య రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. దాన్ని 48వ వంతుకి తగ్గిస్తే 16 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ వస్తుంది. అర మిల్లీమీటరుకు అటూ ఇటూగా మన పట్టాలు సరిపోయాయి. "46వ వంతు చేస్తే ఇంకా దగ్గరగా వస్తుంది కదా" అని ఒకమ్మాయి అడిగింది. నిజమే. కానీ 48వ వంతులో ఒక అడుగు సరిగ్గా పావంగుళం అవుతుంది. మామూలు స్కేలు చాలు, గుణకారాలతో తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. 40 అడుగుల తాడిచెట్టు 10 అంగుళాలు. 6 అడుగుల తలుపు అంగుళంన్నర.

ఇంకో లెక్క వేసి పిల్లలు నోళ్లు వెళ్లబెట్టారు. నౌపడ నుంచి పర్లాకిమిడికి సుమారు 40 కిలోమీటర్లు. 48వ వంతు చేసినా 830 మీటర్లకు పైనే కావాలి. మన 8 అడుగుల బల్ల అసలు నేల మీద 384 అడుగులతో సమానం, మన గేటు నుంచి వంటగది దాకా అన్నమాట. కాబట్టి ఏం ఉంచాలి, ఏం వదిలేయాలన్నదే అసలు పని. ఒక స్టేషను, ఉప్పు మళ్లు, తాళ్లతోపు, ఒక చిన్న వంతెన ఉంచారు. నాకు మాత్రం పాతపట్నం నీలమణి దుర్గమ్మ గుడి కూడా ఉంటే బాగుండుననిపించింది. మా అమ్మమ్మది ఆ ఊరే. చిన్నప్పుడు టెక్కలిలో ఆ బండి ఎక్కి, కిటికీలోంచి తల బయటపెట్టి, కంట్లో బొగ్గు నలుసు పడి, గుడికి వెళ్లేదాకా ఏడ్చిన మనిషిని నేను. హెడ్మిస్ట్రెస్ కోరిక అయినా సరే, చోటు లేదని పిల్లలు నిర్మొహమాటంగా చెప్పేశారు.

2004లో ఆ బండి ఆగిపోయింది. తర్వాత అదే దారిలో బ్రాడ్ గేజి వచ్చింది. ఇప్పుడున్న పిల్లలెవరూ చిన్న బండిని చూడలేదు. అందుకే ఈ ఉత్తరం తాతయ్యలకీ మామ్మలకీ కూడా రాస్తున్నాను.

ఇంజిన్ దగ్గరికి వద్దాం. విప్పి చూస్తే లోపలి గ్రీజు గట్టిపడి లక్కలా తయారైంది. సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లలతో పళ్లచక్రాలు ఒక్కొక్కటీ తుడిచి, కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేశారు. పట్టాల పైభాగాన్ని పెన్సిల్ రబ్బరుతో రుద్దారు. కరెంటు పట్టాల్లోంచి చక్రాల ద్వారా మోటారుకి వెళ్లాలి కదా, మధ్యలో మురికి ఉంటే బండి ఆగిపోతుంది. పాడైన వైఫై రూటరు తాలూకు 12 వోల్టుల అడాప్టరు తగిలించాం. ఇంజిన్ బుర్రుమంది, ఒక జానెడు కదిలింది, ఆగింది. మళ్లీ రుద్దారు. మూడోసారికి వలయం మొత్తం తిరిగి వచ్చింది. ఆ కేకలకి ఏడో తరగతి పాఠం ఆగిపోయింది, ఆ టీచర్‌కి తర్వాత సంజాయిషీ చెప్పుకున్నాను. రెండు వైర్లు అటుదిటు మారిస్తే బండి వెనక్కి వెళ్తుంది. ఇందుకోసం కొన్నది ఒక్కటే, వేగం తగ్గించి పెంచే చిన్న బోర్డు.

ఇంజిన్ పైతొడుగు మన బండికి పోలిక లేదు. దాన్ని తీసేసి, కింది చక్రాల చట్రం అలాగే ఉంచి, పైన అట్టతో కొత్త ఒళ్లు కట్టారు. పొగగొట్టం పాత పెన్ను మూత. ముందు బఫర్లు (గుద్దుకున్నప్పుడు దెబ్బ తగ్గించేవి) జాకెట్టు టిచ్ బటన్లు. పెట్టెల కిటికీ అద్దాలు ఎక్స్‌రే ఫిల్ము ముక్కలు.

ఇక కొండ. నౌపడ దగ్గర చదును నేల మీద కొండేమిటని మీరు అడగొచ్చు, నేనూ అడిగాను. బండి గుండ్రంగా తిరిగి వచ్చే వంపు కళ్లకు కనపడితే బొమ్మలా ఉంటుందనీ, దాన్ని ఎక్కడో ఒకచోట దాచాలనీ సైన్స్ మాస్టారు వాదించారు. అరకు పార్టీ వాళ్లు ఇదే సందని సొరంగం పెట్టించేశారు. ఒప్పుకున్నాను. అది అబద్ధపు కొండ, కానీ అవసరమైన అబద్ధం.

మొదటి కొండ ఒక్క పూటలో కరిగిపోయింది. ఫ్రిజ్ పెట్టెలో వచ్చిన థర్మోకోల్ అట్టలు అంటించి, కత్తిరించి, మంచి ఆకారమే తెచ్చారు. ఒకబ్బాయి ఇంటి దగ్గర గేటుకి కొట్టగా మిగిలిన స్ప్రే పెయింట్ డబ్బా తెచ్చి కొట్టాడు. రంగు పడినచోటల్లా థర్మోకోల్ చిర్రుమంటూ లోపలికి కుంగి, పుచ్చిన పన్నులా గుంటలు పడింది. ఆ పెయింటులోని ద్రావకం థర్మోకోల్‌ని కరిగించేస్తుంది, కొన్ని రకాల జిగురు కూడా అంతే. పిల్లవాడు ఏడుపు మొహం పెట్టాడు. సైన్స్ మాస్టారు మాత్రం పాఠం దొరికిందని సంబరపడి, ఆ ముక్కను ల్యాబ్ అల్మరాలో పెట్టారు. ఇప్పుడున్న కొండ రెండోది. కోళ్ల గూటికి వాడే తీగ వలని వంచి, దాని మీద నలిపిన పేపర్లు, ఆపైన పీఓపీలో (ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌లో) ముంచిన పాత పంచె పేలికలు. పీఓపీ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుందని చేతితో ముట్టుకుని చూసినవాళ్లకి పుస్తకంలో చదివించక్కర్లేదు. మిగిలిన పీఓపీ నీళ్లు మాత్రం సింకులో పోయొద్దని గట్టిగా చెప్పాం. పైపులో రాయైపోతుంది.

మట్టి బడి వెనకదే. ఎండబెట్టి, టీ వడకట్టే జల్లెడలో జల్లించారు. వేసేముందు పాత స్పీకరు అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి మట్టి మీద తిప్పారు. తీసి చూస్తే కాగితానికి నల్లటి మీసాల్లాంటి ఇనుప రజను! అది పట్టాల పక్కన ఉండిపోతే ఇంజిన్ మోటారులోని అయస్కాంతం లాగేసుకుంటుంది, మోటారు పాడైపోతుంది. నేను కూడా ఆ రోజే తెలుసుకున్నాను.

పట్టాల మధ్య కంకరకి వాడింది క్రషర్ డస్ట్, అంటే కంకర కొట్టేచోట మిగిలే రాతి పొడి. సగం ఫెవికాల్, సగం నీళ్లు కలిపి కంటి చుక్కల సీసాతో వేస్తే మొదట చుక్క చుక్కగానే నిలిచి, తామరాకు మీద నీళ్లలా దొర్లిపోయింది. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క కలిపాక చటుక్కున ఇంకిపోయింది. గడ్డి గోగునారే. సన్నగా కత్తిరించి, పసుపు, ఆకుపచ్చ రంగు కలిపిన నీళ్లలో ఉడికించి ఆరబెట్టారు. కొబ్బరి మట్టలు కోడి ఈకలు. ఉప్పు మళ్లలో నిజం ఉప్పు పోద్దామని పిల్లలు పట్టుబట్టారు. ఉప్పు చెమ్మ లాగుతుంది, పట్టాలు చెడిపోతాయి. అందుకని మళ్లలో నీళ్లకి ఎక్స్‌రే ఫిల్ము, ఉప్పు కుప్పలకి ముగ్గుపిండి. దూరం నుంచి చూస్తే తేడా తెలీదు.

పోయిన వారం ఒక తాతగారు మనవరాల్ని తీసుకెళ్లడానికి వచ్చి బల్ల దగ్గర ఆగిపోయారు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఏటమ్మా, చింతచెట్టు ఇటేపు ఎట్టేసినారు? అటేపు కదా ఉండీది. దాని నీడలోనే మేం బండికోసం కూకుండీవోలం" అన్నారు. స్టేషను కప్పు కూడా ఇంత ఎత్తు లేదన్నారు. పిల్లలు నోటు పుస్తకం తీసి రాసుకున్నారు. నాకు కావాల్సింది ఇదే. మీ ఇంట్లో ఆ బండి ఎక్కినవాళ్లు ఉంటే ఒక్క సాయంత్రం పంపండి. పాత ఫొటో ఉంటే తెండి, ఫోనులో తీసుకుని అప్పుడే తిరిగి ఇచ్చేస్తాం.

ఇక చిన్న మనవి. దయచేసి కొత్తవి కొనకండి. ఒక నాన్నగారు ప్రేమతోనే ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్ చెట్ల ప్యాకెట్ తెప్పించి పంపారు. అన్నీ మంచు దేశాల కోన్ చెట్లు. టెక్కలి దగ్గర అవి ఎక్కడ నాటమంటారు? ఇంకొక ఇంట్లో రాత్రంతా పెద్దలే కూర్చుని స్టేషను కట్టి పంపించారు. చాలా బాగుంది, కానీ తలుపు ఎత్తు ఎంత పెట్టారని అడిగితే ఆ పిల్లాడు జవాబు చెప్పలేక తల దించుకున్నాడు. గోడ వంకరగా ఉన్నా ఫరవాలేదు, వాళ్లనే కట్టనివ్వండి.

పంపదగ్గవి: పాడైన బొమ్మల మోటార్లు, 12 వోల్టులు, 5 వోల్టుల పాత అడాప్టర్లు, రాగి తీగ, వెలగని సీరియల్ లైట్ల దండలు (ఒక బల్బు పోయినా మిగతావి పనికొస్తాయి), పాత స్పాంజి, పేరు కత్తిరించేసిన ఎక్స్‌రేలు. పంపకూడనివి: ఉబ్బిన ఫోన్ బ్యాటరీలు, ట్యూబులైట్లు, పగిలిన గాజు, గోడ ప్లగ్గుకి నేరుగా తగిలించే ఏ విప్పేసిన సామానైనా. 12 వోల్టులకి మించి ఆ బల్ల మీద ఏదీ ఉండదు. ఎల్ఈడీ దీపాలకి కూడా కరెంటును తగ్గించే వెయ్యి ఓమ్‌ల రెసిస్టరు పెట్టకుండా ఏదీ కలపట్లేదు. పెట్టకుండా కలిపిన మొదటిది టప్పుమని పోయింది లెండి.

మిగతా విషయాలు. వచ్చే సోమవారం నుంచి పరీక్షలు, టైమ్ టేబుల్ నోటీసు బోర్డులో ఉంది. అవి అయ్యేదాకా రైలు పనికి సెలవు, ఎవరూ టెన్షన్ పడొద్దు. వర్షం పడే రోజుల్లో సైకిళ్ల మీద వచ్చేవాళ్లని కాస్త ముందుగా బయల్దేరనివ్వండి.

పరీక్షలు అయ్యాక వచ్చే మొదటి శనివారం మధ్యాహ్నం 3 గంటలకి బల్ల చూడ్డానికి అందరూ రండి. చింతచెట్టు తాతగారు వస్తానన్నారు. ఈలోగా ఆ చెట్టుని పీకి అటువైపు పాతాలి, దాని కింద ఇద్దరు మనుషుల్ని కూర్చోబెట్టాలి. ఒక్కొక్కరు అంగుళమైనా ఉండరు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు