ఆషాఢంలో కొన్న కాన్వాసులు వెనక్కి తెచ్చేయండి

అందరికీ నమస్కారం అండి. కాన్వాసులు ఎప్పుడొస్తాయి, నెల నుంచీ ఇదిగో అదిగో అంటున్నారు కదా అని రోజూ ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉన్నారు. అందరికీ వానల వల్ల ఆలస్యం అనే చెప్పాను. అది సగం నిజం. మిగతా సగం ఇప్పుడు చెప్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిక చేసుకోండి.

జూన్ ఆఖరు నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మా కొట్లో కట్టి అమ్మిన కాటన్ కాన్వాసులకు ప్రైమర్ సరిగా పడలేదు. మామూలుగా మేము జెస్సో అనే తెల్లటి ప్రైమర్ మూడు పూతలు వేస్తాం, పూతకీ పూతకీ మధ్య ఆరనిచ్చి ఎమరీ పేపర్‌తో రుద్దుతాం. ఈసారి ఆర్డర్లు ఎక్కువ వచ్చాయి, విజయవాడలో ముసురు వదల్లేదు, ఒక్క పూత ఆరడానికే రోజంతా పట్టేది. మా దగ్గర పనిచేసే కుర్రాడు "అక్కా, నీళ్లు కొంచెం ఎక్కువ కలిపి రెండు పూతల్లో కానిచ్చేద్దామా" అని అడిగాడు. సరే అన్నది నేనే, వాడినేం అనకండి. జెస్సోలో నీళ్లు ఎక్కువైతే తెల్లగా కనిపించడం కనిపిస్తుంది గానీ దాన్ని పట్టి ఉంచే జిగురు పలచబడిపోతుంది, గుడ్డ రంధ్రాలు పూర్తిగా మూసుకోవు. ఇది నాకు తెలియని సంగతి కాదు, అదే నాకు ఎక్కువ సిగ్గుగా ఉంది.

ఎలా బయటపడిందంటే, తెనాలి నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వస్తుంటారు, ఏ పని చేసినా నిదానం, నెలకొక బొమ్మ వేస్తే గొప్ప. ఆయన గళ్ల తువ్వాలు మీద ఇత్తడి చెంబు, పక్కన రెండు నిమ్మకాయలు వేసుకొచ్చారు. బల్ల మీద పెట్టి "అమ్మాయ్, వేసేటప్పుడు బానే ఉంది, ఆరాక చూస్తే చెంబు నీడంతా బూడిద పూసినట్టయింది, రంగులో ఏమన్నా కల్తీయా" అన్నారు. చూస్తే నిమ్మకాయలు అలాగే నిగనిగలాడుతున్నాయి, అక్కడ రంగు మందంగా పడింది కాబట్టి. చెంబు పొట్ట కింద నల్లగా, లోతుగా ఉండాల్సిన చోటు మాత్రం సుద్ద రాసినట్టు వెలవెలబోయి ఉంది. వేలికి చుక్క నూనె అద్ది అక్కడ రాశాను, ఆ కాస్త మేరా వెంటనే ముదురు గోధుమ రంగు తేలింది. అప్పుడు కాన్వాస్ వెనక్కి తిప్పాను. నీడ ఎక్కడుందో సరిగ్గా అక్కడే వెనక గుడ్డ మీద పసుపుపచ్చ నూనె మరక, చెంబు అడుగు ఆకారంలో. ఇంక రంగుని అనడానికేముంది.

జరిగింది ఇదీ. ఆయిల్ రంగుల్లో ఉండే అవిసె నూనె, అదే లిన్సీడ్ ఆయిల్, నీళ్లలాగా ఆవిరైపోయి ఆరదు. గాలిలోని ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడి పొరలా మారుతుంది, రంగు పొడిని పట్టి ఉంచేది ఆ పొరే. అడుగున కాన్వాస్ ఆ నూనెని తాగేస్తే పైన పొడి మిగులుతుంది, మెరుపు పోతుంది, ముదురు రంగు తేలిపోయి కనిపిస్తుంది. అంబర్ (ముదురు గోధుమ) లాంటి మట్టి రంగులకు మొదటే నూనె ఎక్కువ కావాలి, పైగా నీడలు అందరం పలచగానే వేస్తాం, అందుకే దెబ్బ ముందు నీడల మీద పడుతుంది. నూనె నేరుగా నూలు దారాలకు తగిలితే ఏళ్ల మీద గుడ్డ పెళుసెక్కిపోతుంది కూడా. ప్రైమర్ వేసేది తెల్లగా కనిపించడానికి మాత్రమే కాదు, ఇందుకే.

కాబట్టి ఆ రోజుల్లో కొన్నవాళ్లు చెక్క వెనక చూడండి, నీలం పెన్సిల్‌తో తేదీ రాసి ఉంటుంది. బొమ్మ వేయనివి తెచ్చేయండి, కొత్తవి ఇస్తాను, బిల్లు అక్కర్లేదు. బయట ఊళ్ల వాళ్లు పార్సిల్ చేస్తే రానుపోను ఖర్చు నాది. తేదీ చెరిగిపోయి అనుమానంగా ఉంటే ఒక మూల లిన్సీడ్ ఆయిల్ చుక్క వేసి గంటాగి వెనక చూడండి, మరక దిగిందంటే అది మా పాపమే.

ఇప్పటికే బొమ్మ వేసేసి ఉంటే పారేయకండి. ముట్టుకుంటే అంటనంతగా ఆరాక, శుద్ధి చేసిన లిన్సీడ్ ఆయిల్, టర్పెంటైన్ సగం సగం కలిపి, పీచు రాని నూలు గుడ్డతో వెలిసిన చోట మాత్రం పలచగా రాయండి. నాలుగైదు నిమిషాలు ఉంచి, పొడి గుడ్డతో మొత్తం తుడిచేయండి. మొత్తం అంటే మొత్తం, జిడ్డు మిగిలితే తర్వాత పచ్చబడుతుంది. ఇది బొమ్మ మీద ఇంకా పని ఉన్నవాళ్లకి. పని అయిపోయినవాళ్లు మెరుపు తిరిగి తెచ్చే రీటచ్ వార్నిష్ ఒక్క పూత వేస్తే చాలు, మా కాన్వాస్ మీద వేసినవాళ్లకి ఆ సీసా నేనే ఇస్తాను. మాస్టారి చెంబు అలాగే బాగుపడింది. ఆయన మాత్రం కొత్త కాన్వాస్ మీద మళ్లీ మొదలుపెట్టారు, ఆయనంతే.

గుడ్డలు అన్నాను కాబట్టి ఒక మాట, ఈ ముక్క మాత్రం దయచేసి చదవకుండా వదిలేయకండి. లిన్సీడ్ ఆయిల్ అద్దిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేయకండి. ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడికి బయటికి పోయే దారి ఉండదు, అగ్గిపుల్ల గీయకుండానే అంటుకుంటుంది. విడివిడిగా పరిచి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి పడేయండి. టర్పెంటైన్ కొరియర్ ఎందుకు ఆపేశారు అన్నవాళ్లకి కూడా ఇలాంటిదే జవాబు. 35 డిగ్రీలు దాటితే దాని ఆవిరి నిప్పు తగిలితే చాలు అంటుకునే సరుకు, మే నెలలో మన ఊరి ఎండ సంగతి మీకు చెప్పాలా. కొట్టుకి వచ్చి తీసుకెళ్లండి. శుద్ధి చేసిన లిన్సీడ్ ఆయిల్ దొరకలేదని హార్డ్‌వేర్ షాపులో బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ మాత్రం కొనకండి, అది తలుపులకి, కిటికీలకి. త్వరగా ఆరడానికి అందులో మందులు కలుపుతారు, బొమ్మ నల్లబడుతుంది.

ఇకనుంచి మళ్లీ మూడు పూతలే, ఆఖరి పూత తర్వాత మూడు రోజులు ఆగాకే కొట్లో పెడతాం. అందుకే ఆలస్యం. 12 బై 16 అంగుళాల కాన్వాస్ ధర 380 రూపాయల నుంచి 440కి పెరుగుతుంది, ఎక్కువే, కానీ ఇంతకన్నా తగ్గించాలంటే మళ్లీ నీళ్లే కలపాలి. ఆలస్యానికి క్షమించమని రాయడం మన వృత్తిలో కొత్తేం కాదులెండి. 18వ శతాబ్దంలో హాలండ్‌లో యాన్ వాన్ హాయ్‌సుమ్ అని పూల బొమ్మలకి పేరుపడ్డ ఆయన, బొమ్మ ఎందుకు పూర్తికాలేదో చెబుతూ పోయినేడు పసుపు గులాబీ దొరకలేదని కొనేవాళ్లకి ఉత్తరం రాశాడు. నా సాకుకి అంత అందం లేదు.

రంగుల విషయానికొస్తే, 24 ట్యూబుల పెట్టె తెప్పించడం ఆపేశాను. లాభం దాంట్లోనే ఎక్కువ, కానీ ఏడాది తర్వాత మీ పెట్టెల్లో పదిహేను ట్యూబులు మూత తీయకుండా ఉండటం నేనే చూశాను. పండ్లు, పాత్రలు ఉన్నవి ఉన్నట్టు వేయాలనుకునేవాళ్లకి ఏడు చాలు: టైటానియం వైట్, ఎల్లో ఆకర్ (మట్టి పసుపు), లెమన్ ఎల్లో, బర్న్‌ట్ సియెన్నా (ఎర్ర గోధుమ), బర్న్‌ట్ అంబర్, అల్ట్రామెరైన్ బ్లూ, క్వినాక్రిడోన్ ఎరుపు ఒకటి. అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపు అడిగేవాళ్లున్నారు, అందమైన రంగే, కాకపోతే పాత రకం అలిజరిన్ వెలుతురుకి వెలిసిపోతుంది, దానిమ్మ గింజలు వేస్తే కొన్నేళ్లకి వడలిపోతాయి. ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో కోడ్ ఉంటుంది, పేరు కాదు అది చదవండి. పీఆర్ 83 అంటే ఆ పాత అలిజరిన్, పీవీ 19 అంటే క్వినాక్రిడోన్. తెలుపుల్లో పీడబ్ల్యూ 6 టైటానియం, పీడబ్ల్యూ 4 జింక్. జింక్ వైట్ ఆరాక పెళుసవుతుంది, పగుళ్లు వస్తాయి, అందుకని అది తెప్పించడం మానేశాను.

బ్లాక్ లేదేంటి అంటారని తెలుసు. అల్ట్రామెరైన్‌లో బర్న్‌ట్ అంబర్ కలపండి, ట్యూబులో నలుపు కంటే లోతైన నలుపు వస్తుంది, నీలం పెంచితే చల్లగా, అంబర్ పెంచితే వెచ్చగా. పైగా అంబర్‌లో మాంగనీస్ ఉంటుంది కాబట్టి త్వరగా ఆరుతుంది, ఐవరీ బ్లాక్ వారాల తరబడి తడిగా కూర్చుంటుంది. అందుకే అడుగు పూత అంబర్‌తో, టర్పెంటైన్ కలిపి పలచగా వేసుకోమనేది. నూనె ఎక్కువున్న పూతలు ఎప్పుడూ పైనే. కింద జిడ్డు పూత ఆరకముందే పైన పలచటిది ఆరిపోయిందంటే ఎండిన చెరువులా నెర్రెలిస్తుంది.

వారానికి ఇద్దరైనా గోల్డ్ కలర్ ట్యూబు అడుగుతారు, ఇత్తడి చెంబుకి. లేదండీ, తెప్పించను. చెంబుని ఒకసారి కళ్లు సగం మూసి చూడండి. మీకు కనిపించేది బంగారు రంగు కాదు, ఎక్కువ భాగం మురికి గోధుమ, ఆలివ్ ఆకుపచ్చ, అక్కడక్కడా దాదాపు నలుపు. మెడ దగ్గర సన్నగా కిటికీ, పొట్ట మీద వంగిపోయిన మీ బల్ల, తువ్వాలు నీలం గళ్లు, పక్కనున్న నిమ్మకాయ సాగిపోయి. అవన్నీ ఆకర్, అంబర్, అల్ట్రామెరైన్‌తో వచ్చేస్తాయి. ఆఖర్న పడే మెరుపు చుక్క తెల్లగా వేస్తే స్టీలు చెంబైపోతుంది. ఇత్తడి తన మీద పడ్డ వెలుతురుకి తన పసుపు కలుపుతుంది, కాబట్టి తెలుపులో లెమన్ ఎల్లో, చిటికెడు ఆకర్. ఆ చుక్క ఒక్కసారి పెట్టి వదిలేయాలి, దాన్ని దిద్దారా చెడింది. పక్కనున్న చీకటి ఎంత ధైర్యంగా వేస్తే ఆ చుక్క అంత వెలుగుతుంది. నిమ్మకాయ నీడకి నలుపు కలిపేవాళ్లు కూడా ఆగండి, పసుపులో నలుపు పడితే పచ్చికాయ అవుతుంది. సియెన్నా, కాస్త అంబర్ కలపండి.

వెలుతురు సంగతి చాలామంది అడిగారు. యూరప్ వాళ్ల పుస్తకాలు చదివి ఉత్తరం కిటికీ దగ్గర కూర్చుంటున్నారు, ఎండ నేరుగా పడదు, నీడలు కదలవు అని. అది వాళ్ల ఊళ్లలో నిజం. మనకి మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఉత్తరం వైపుకి వెళ్తాడు. పొద్దున్నా సాయంత్రం అయితే ఉత్తరం కిటికీలోంచి ఏటవాలు ఎండ లోపలికే వస్తుంది. ఆ మూడు నెలలు కర్టెన్ వేసేసి, 5000 కెల్విన్ (పగటి వెలుతురు లాంటి తెలుపు), సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే కొలత) 90 పైనున్న ఎల్ఈడీ బల్బు ఒకటి ఎడమ పక్క పైనుంచి పెట్టుకోండి. ఒక్కటే. ట్యూబ్‌లైట్ కూడా వేస్తే చెంబుకి రెండు నీడలు, మీకు రెండింతలు టెన్షన్.

ఆదివారం క్లాసు ఉంది, కొత్త కాన్వాసులతోనే. చెంబు, తువ్వాలు నేను తెస్తాను, పండు ఎవరిది వాళ్లు తెచ్చుకోండి, మొదట వేసేది పండే, పాత్ర ఎక్కడికీ పోదు. సీతాఫలం మాత్రం వద్దు. పోయినసారి ఒకావిడ గట్టికాయే తెచ్చారు, రెండో వారానికి బల్ల మీదే పండి విచ్చుకుంది, మూడో వారం వచ్చేసరికి గింజలు, చీమలు మిగిలాయి. ఆవిడ అవి కూడా వేసేశారు, బొమ్మ కొట్లో ఉంది, వచ్చినప్పుడు చూడండి.