ఆ కోడ్‌కు నీరటి ఎవరు?

సంపాదకుడు గారికి,

నమస్కారం. మీ జిల్లా పేజీల్లో నెలకోసారైనా ఒక ఫొటో వస్తుంది. మంచమంత చెక్కు పట్టుకుని నలుగురు విద్యార్థులు, పక్కన ప్రిన్సిపాల్, ముఖ్య అతిథి. ఇరవై నాలుగు గంటల్లో యాప్ తయారుచేసి హ్యాకథాన్ గెలిచారని వార్త. పిల్లల కష్టాన్ని తక్కువ చేయను, నేనూ ఒకప్పుడు అలా నిలబడ్డవాణ్నే. మేం చేసిన యాప్ మూడు నెలల తర్వాత తెరుచుకోలేదు. ఎందుకో చూసే ఓపిక మా నలుగురిలో ఎవరికీ లేకపోయింది. ఈ ఉత్తరం ఆ ఓపిక గురించే, ఊరి చెరువును కనిపెట్టుకుని చూసుకునే నీరటికి ఉండేలాంటి ఓపిక.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. సెలవు రోజుల్లో ఒక చిన్న ఓపెన్ సోర్స్ ప్రోగ్రాంను, అంటే కోడ్‌ను ఎవరైనా చూసి, వాడుకుని, మార్చుకోగలిగేదాన్ని, చూసుకుంటాను. ఇప్పుడు ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ చదివే యూనికోడ్ పద్ధతి వాడుకలోకి రాకముందు, డీటీపీ వాళ్లు వాడిన అను ఫాంట్లలో టైపు చేసిన ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చడం దాని పని. రాసింది నేను కాదు. రాసినాయన ఉద్యోగం మారి, పెళ్లి చేసుకుని వదిలేస్తే నా మెడకు చుట్టుకుంది. అందులో కొత్తగా చేయాల్సింది పెద్దగా లేదు, ఉన్నదంతా ఊడ్చి తుడిచే పనే. పాత ఫాంట్లో క్రావడి కొన్నిసార్లు అక్షరం కంటే ముందే వచ్చి కూర్చుంటుంది, యూనికోడ్‌లో దాన్ని వెనక్కి పంపాలి. 'స్త్రీ' సరిచేస్తే 'శాస్త్రి' చెడుతుంది. ఈలోపు ప్రోగ్రాం రాసిన పైథాన్ భాష వెర్షన్ మారుతుంది, నిన్న నడిచింది ఇవాళ నడవదు.

ఒక ఆదివారం పొద్దున ఒక ఆఫీసు నుంచి సందేశం: "అర్జెంట్. మా పని మొత్తం ఆగిపోయింది. ఈరోజే సరిచేయగలరు." టీ కప్పు పక్కన పెట్టి కూర్చున్నాను. వాళ్లు నాలుగేళ్లుగా దీన్ని వాడుతున్నారని నాకు తెలిసింది ఆరోజే.

నాది చిన్న గోల. బ్యాంకు సైటులో కనబడే తాళం బొమ్మ వెనక చాలాచోట్ల పనిచేసే ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే భద్రతా ప్రోగ్రాం కథా ఇంతే. 2014 ఏప్రిల్‌లో అందులో, సర్వర్లలోని రహస్యాలు బయటికి కారిపోయే హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడ్డాక ఆరా తీస్తే, దానికి ఏడాదికి వస్తున్న విరాళాలు సుమారు 2000 డాలర్లనీ, పూర్తికాలం పనిచేసేది ఒకే ఒక్కరనీ తేలింది.

2024లో బయటపడ్డ ఎక్స్‌జెడ్ వ్యవహారం ఇంకా భయపెట్టేది. ఫైళ్ల సైజు తగ్గించే ఈ చిన్న ప్రోగ్రాం దాదాపు ప్రతి లినక్స్ సర్వర్లోనూ ఉంటుంది. ఏళ్ల తరబడి దాన్ని ఒంటిచేత్తో చూసుకున్న ఆయన, తన ఆరోగ్యం బాగా లేదనీ, ఇది జీతం లేని పని అనీ 2022లోనే చెప్పుకున్నాడు. వినేవాళ్లు లేరు గానీ, ముక్కూమొహం తెలియని పేర్లతో కొందరు "ఎందుకింత ఆలస్యం, ఇంకొకరికి అప్పగించు" అని వెంటపడ్డారు. సరిగ్గా ఆ అదనులోనే జియా టాన్ అనే పేరుతో ఒకరు చీపురు పట్టుకుని సాయానికి వచ్చారు. రెండేళ్లకు పైగా బుద్ధిగా పనిచేసి, ఇంటి తాళాలు చేతికి వచ్చాక, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. దాన్ని పట్టుకున్నది భద్రతా సంస్థలేవీ కాదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, తన మెషీన్లో లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వుకుంటూ పోయి కనుక్కున్నాడు. అర సెకను! మనలో ఎంతమందికి అది అనుమానంగా తోచేది?

ఆ పోస్ట్‌గ్రెస్ వాళ్ల ఇంటి పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. ఏడాదికో పెద్ద వెర్షన్, ఒక్కోదానికి అయిదేళ్ల మరమ్మతు. ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు నెలల్లో తప్పులు సరిదిద్దిన విడుదలలు. ఇవికాక కమిట్‌ఫెస్ట్ అని ఏడాదిలో కొన్ని నెలలు పక్కన పెడతారు. ఆ నెలల్లో ముఖ్యమైన పని ఇతరులు పంపిన మార్పులను చదవడం. నువ్వు ఒకటి పంపితే అంతే బరువున్న ఇంకొకరిది నువ్వూ చదవాలి. వాళ్లను చూసే నేనూ, మా ప్రోగ్రాంను నాతోపాటు చూసుకునే ఇంకొకరూ మూడు నెలలకో శనివారం కేటాయించుకున్నాం. దానికి భోగి అని పేరు పెట్టుకున్నాం. ఆరోజు కొత్త ఫీచర్ ముట్టకూడదు. పాత ఫిర్యాదులు చదవాలి, చచ్చినవాటిని మూసేయాలి, లైబ్రరీల వెర్షన్లు పెంచాలి, ప్రోగ్రాం గురించి చెప్పే రీడ్‌మీ ఫైల్లో ఇప్పుడు అబద్ధమైపోయిన వాక్యాలు తీసేయాలి, పాస్‌వర్డులు ఇద్దరి దగ్గరా ఉన్నాయో లేదో చూసుకోవాలి. మొదటి భోగికి పొద్దు గూకేదాకా కూర్చుంటే సగం కూడా కాలేదు.

మరి మన పిల్లలు రావడం లేదా అంటే, వస్తున్నారు. కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైటులో డెవలపర్ల సంఖ్య చూస్తే అమెరికా తర్వాత మన దేశమే. కానీ 2020 అక్టోబరులో ఏం జరిగిందో చెప్పాలి. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు నాలుగు మార్పులు పంపితే టీషర్టు ఇచ్చే హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో, రీడ్‌మీకి "అమేజింగ్ ప్రాజెక్ట్" అని రెండు మాటలు తగిలించి పంపినవి కుప్పలుగా వచ్చిపడ్డాయి, మన దేశం నుంచి వెళ్లినవి చాలానే. నిర్వాహకులు మధ్యలోనే నిబంధన మార్చి, మాకు ఇష్టమే అన్న ప్రాజెక్టులకు మాత్రమే దాన్ని పరిమితం చేయాల్సి వచ్చింది. పిల్లల్ని ఏమనగలం? ఫైనలియర్ ప్రాజెక్టు రిపోర్టుతో సహా అమీర్‌పేట సందుల్లో దొరికేచోట, ఒక పాత తప్పును వెతికి పట్టి సరిచేసినవాడికి మార్కులు వేసే గడి మన మార్కుల షీట్లో లేదు. ఉన్న ప్రాజెక్టును ఏడాదిపాటు చూసుకున్న విద్యార్థికి కూడా కొత్త ప్రాజెక్టుతో సమానంగా మార్కులు ఇవ్వడానికి మన జేఎన్‌టీయూలకు ఉన్న ఇబ్బంది ఏమిటో తెలిసినవారు చెబితే బాగుంటుంది.

మా తాత కరీంనగర్ జిల్లాలో ఒక ఊరి చెరువుకు నీరటి. తూము తీయడం, మూయడం ఒక్కటే కాదు, కట్ట మీద మొలిచిన తుమ్మమొక్కలు పీకేవాడు, ఎండ్రికాయలు చేసిన బొక్కల్లో మట్టి కూరేవాడు. కల్లంలో ఒడ్లు కొలిచేటప్పుడు ఆయన పాలు, అంటే వాటా, ముందే తీసి పక్కన పోసేవారు. నీళ్లు వాడుకున్న ప్రతి రైతూ ఇచ్చేవాడు, అందులో దానమన్న మాట లేదు.

ప్రభుత్వ పనుల్లో ఓపెన్ సోర్స్‌కు మొగ్గు చూపాలని కేంద్రం 2015లోనే విధానం తెచ్చింది. మంచిదే, లైసెన్సుల ఖర్చు మిగులుతుంది. ఆ మిగిలినదాంట్లోంచి నీరటి పాలు తీస్తున్నారా? ఉద్యోగరీత్యా నేను చూసిన టెండర్లలో సర్వర్లకూ ఏసీలకూ వార్షిక నిర్వహణ పద్దు ఉంది గానీ, అసలు పని నడిపే ఈ కోడ్‌కు లేదు. జర్మనీ ప్రభుత్వం ఇందుకోసమే 2022లో సావరిన్ టెక్ ఫండ్ పెట్టింది. మన దేశంలో షేర్ బ్రోకింగ్ చేసే జెరోధా సంస్థ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ఏడాదికి 10 లక్షల డాలర్లు ఇస్తామని 2024లో ప్రకటించింది. ఒక ప్రైవేటు కంపెనీకి తట్టింది రెండు తెలుగు రాష్ట్రాల ఐటీ శాఖలకు తట్టకూడదా? ప్రతి ఐటీ టెండరులో, వాడే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాంల జాబితా, వాటి బాగోగులకు కొంత సొమ్ము లేదా కాంట్రాక్టరు ఇంజినీర్ల కొన్ని పనిదినాలు రాయమంటే చాలు. రాసిందానికి లెక్క అడగమని కూడా కోరుతున్నాను, లేకపోతే అదీ రీడ్‌మీలో "అమేజింగ్ ప్రాజెక్ట్" అవుతుంది.

చివరగా ఆ ఆదివారం సందేశం పంపిన ఆఫీసు వారికి: 'శాస్త్రి' సరైపోయింది. 'స్త్రీ' మళ్లీ చెడింది, వచ్చే భోగికి చూస్తాను. మీ పాత ఫైళ్లు ఓ నాలుగు పంపితే పరీక్షకు పనికొస్తాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్