బిల్లు కౌంటర్‌లో చెప్పిన నంబరు పరిశోధనకు అనుమతి కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

సూపర్‌మార్కెట్లలో కొన్న సరుకుల వివరాలను ఏళ్ల తరబడి సాగే ఆరోగ్య అధ్యయనాలతో కలిపి చూసే ప్రయత్నాలు బ్రిటన్‌లో జరుగుతున్నాయి. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 273 మంది మహిళల లాయల్టీ కార్డుల (ఒకే దుకాణంలో తరచూ కొనేవారికి ఇచ్చే, కొన్నవన్నీ నమోదయ్యే కార్డుల) లెక్కలను వారి అనుమతితోనే పరిశీలించి, అండాశయ క్యాన్సర్ బయటపడడానికి 8 నెలల ముందు నుంచే వారిలో ఆ జబ్బు ఉన్నవారు నొప్పి, అజీర్తి మందులను ఎక్కువగా కొన్నారని 2023లో వెల్లడించారు. కడుపుబ్బరమే కదా అని మాత్రలతో నెట్టుకొచ్చే ఆడవాళ్లు మన ఇళ్లలోనూ ఉన్నారు కనుక ఇటువంటి పరిశోధన ఇక్కడా జరగాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

అయితే బిల్లులో ఉన్నదంతా కంచంలోకి రాదు. హన్మకొండలో మేము నెలకోసారి తెచ్చే 5 లీటర్ల నూనెలో సగం నర్సంపేట దగ్గరి ఊళ్లో ఉండే మా అత్తమ్మకు పోతుంది. బియ్యం పొలం నుంచి, కూరగాయలు రైతుబజారు నుంచి వస్తాయి. పాలు ఇంటికే వచ్చి పోస్తారు. ఇవేవీ ఏ కంప్యూటర్‌లోనూ ఎక్కవు. పైగా బిల్లు మా వారి ఫోన్ నంబరు మీద ఉంటుంది కాబట్టి, ఆ లెక్క చూసినవారు నూనె, బిస్కెట్లతోనే ఆయన బతుకుతున్నారని అనుకోవలసి వస్తుంది. అందువల్ల ఇంటింటికీ వెళ్లి నిన్న ఏం తిన్నారని అడిగే పాత పద్ధతిని వదిలేయకుండా, దానికి తోడుగానే ఈ బిల్లులను వాడుకోవాలి.

అంతకంటే నన్ను కలవరపెడుతున్నది అనుమతి విషయం. వెనుక వరుసలో పదిమంది నిలబడి ఉండగా, "నంబర్ చెప్పండి మేడం" అని అమ్మాయి అడిగితే కాదనలేక చెప్పేస్తాం. గర్భనిర్ధారణ కిట్ కొన్న సంగతీ, షుగర్ మాత్రలు కొన్న సంగతీ ఆ నంబరు కిందే నమోదవుతాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలని చెబుతూనే, నిర్ణీత ప్రమాణాలు పాటించే పరిశోధనలకు మినహాయింపు కూడా ఇచ్చింది. ఆ మినహాయింపును అడ్డం పెట్టుకుని అడగడమే మానేయకూడదు.

వరంగల్‌లో ఎవరు ఇటువంటి అధ్యయనం తలపెట్టినా కౌంటర్ దగ్గర కాక, తీరికగా కూర్చోబెట్టి, తెలుగు పత్రం చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. బీమా కంపెనీలకు ఆ వివరాలు చేరవని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. ఇష్టం లేనప్పుడు తప్పుకునే వీలు కూడా ఆ పత్రంలోనే ఉండాలని కోరుతున్నాను.

— ఒక గృహిణి, హన్మకొండ