క్లాసులో కునికే పిల్లల గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

"మీవాడు క్లాసులో తూగుతున్నాడు" అని డైరీలో రాసి పంపితే ఇంట్లో నాలుగు తిట్లు పడతాయే తప్ప తూగు ఆగదు. అందుకే ఇకమీద ఏ పీరియడులో, ఎంతసేపు తూగారో కూడా ఉపాధ్యాయులు రాస్తారు. ఎందుకో ఈ ఉత్తరం చదివితే తెలుస్తుంది.

మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో నిద్ర తెప్పించే అడెనోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది. నిద్రపోతేనే అది తగ్గుతుంది. కాఫీ దాన్ని తగ్గించదు. అడెనోసిన్ వచ్చి కూర్చోవాల్సిన చోట తాను కూర్చుంటుంది, అంతే. తాగిన కాఫీ ప్రభావం సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. చదువుకోమని రాత్రి 8కి ఇచ్చిన కాఫీ అర్ధరాత్రి దాటినా పనిచేస్తూనే ఉంటుంది. పైగా ఈడొచ్చే పిల్లల్లో నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ గంట, రెండు గంటలు ఆలస్యంగా ఊరుతుంది. తొమ్మిదికే పడుకోమంటే నిద్ర పట్టకపోవడం మొండితనం కాదు.

13 నుంచి 18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పదకొండున్నరకు పడుకున్న పదో తరగతి అమ్మాయిని, వీధి మైకులో సుప్రభాతం వినపడగానే 5కి లేపితే దక్కింది ఐదున్నర గంటలే. తెల్లవారుజామున చదివితే తలకెక్కుతుందన్న మాటను కాదనం. కానీ ఆ మాట చెప్పిన పెద్దలు రాత్రి ఎనిమిదికే దీపం ఆర్పేసేవారు!

తూగే పిల్లల్లో ఎక్కువమంది సంగతి ఇంతే. కొందరు మాత్రం కంటినిండా నిద్రపోయినా తూగుతారు. గురక, టాన్సిల్స్, రక్తహీనత, జలుబు మాత్రలు, ఫిట్స్ మాత్రలు, ఇవన్నీ ముందు చూసుకోవాలి. అవేవీ కాకపోతే అరుదుగా నార్కోలెప్సీ అనే జబ్బు కావచ్చు. అది తరచూ మొదలయ్యేది 10–20 ఏళ్ల మధ్యే.

మెదడు అడుగున హైపోథాలమస్‌లో కొన్ని కణాలు ఒరెక్సిన్ అనే రసాయనాన్ని తయారుచేస్తాయి. 1998లో రెండు బృందాలు విడివిడిగా కనుక్కోవడంతో దానికి హైపోక్రెటిన్ అని రెండో పేరూ ఉంది. మెలకువ అనే తలుపుకు అదే గడియ. నార్కోలెప్సీ మొదటి రకంలో ఆ కణాలు చాలావరకు నశిస్తాయి. గడియ ఊడిన తలుపు ఏ గాలికైనా తెరుచుకున్నట్టు, కలల నిద్ర పట్టపగలే లోపలికి వచ్చేస్తుంది. కలల నిద్రలో కండరాలు పట్టు వదిలేస్తాయి కదా, ఆ పట్టు సడలడం మెలకువలోనే జరుగుతుంది.

చూడ్డానికి ఇలా ఉంటుంది. పక్కవాడు జోకు వేస్తాడు. నవ్వుతుండగానే పిల్లవాడి దవడ జారుతుంది, రెప్పలు వాలతాయి, చేతిలో క్యారియర్ పడిపోతుంది, మోకాళ్లు మడుచుకుపోతాయి. తెలివి మాత్రం ఉంటుంది, మన మాటలన్నీ వినపడుతుంటాయి. కొన్ని సెకన్లలో, మహా అయితే రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది. తల నేలకు తగలకుండా పట్టుకుని కూర్చోబెడితే చాలు. ఫిట్స్ అనుకుని చేతిలో తాళాలు పెట్టొద్దు. (ఫిట్స్‌కైనా తాళాలతో ఒరిగేదేమీ లేదు.)

నిద్ర పట్టేటప్పుడో, లేచేటప్పుడో ఒళ్లు కదలక, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉందని పిల్లలు చెబితే తాయెత్తు కోసం పరుగెత్తకండి. జబ్బు లేనివారికీ ఒక్కోసారి అలా అవుతుంది. పగటి తూగు, నవ్వితే సడలిపోవడం తోడైతే మాత్రం వెంటనే చూపించాలి. మన ఊరి స్విమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజీ (నరాల వైద్య) విభాగం ఉంది. ముందు పిల్లల డాక్టరుకు చూపించినా దారి చెబుతారు.

ఈ జబ్బుకు చేసే నిద్ర పరీక్ష ఒక రాత్రి, మరుసటి పగలు జరుగుతుంది. పగలు రెండేసి గంటలకోసారి, నాలుగైదు సార్లు, 20 నిమిషాలు పడుకోమంటారు. సగటున 8 నిమిషాల్లోపే నిద్ర పట్టి, కనీసం రెండుసార్లు 15 నిమిషాల్లోపే కలల నిద్ర కనపడితే నార్కోలెప్సీని అనుమానిస్తారు. మామూలుగా కలల నిద్రకు గంటన్నర దాకా పడుతుంది. చిక్కల్లా ఏమిటంటే, వారం రోజులుగా నిద్ర చాలని పిల్లవాడికీ ఈ పరీక్ష అలాగే రావచ్చు. లేని జబ్బు అంటగట్టినట్టవుతుంది.

ఈ ఉత్తరంతో పంపిన కాగితం అందుకే. రెండు వారాలు పిల్లలను 9 గంటలు పడుకోనిచ్చి, దీపం ఆర్పిన వేళ, లేచిన వేళ, కాఫీ టీలు, పగటి కునుకులు ఏ రోజువి ఆ రోజే రాయండి. ఆదివారాలు వదలొద్దు. డాక్టరు దగ్గరకు వెళ్లినా ఆ కాగితమే తీసుకెళ్లండి. జబ్బు ఉందని తేలిన పిల్లలకు మధ్యాహ్నం క్యారియర్ తిన్నాక 20 నిమిషాలు పడుకోవడానికి సిక్ రూమ్‌లో మంచం ఇస్తాం. ఈతకు మాత్రం పెద్దవాళ్లు తోడు లేకుండా పంపకండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు,
తిరుపతి