ఇరవై మోటార్ల లెక్క

నల్లగొండ

ప్రియమైన మిత్రమా,

బడికి సెలవులిచ్చారు, మహబూబ్‌నగర్‌లో తోచడం లేదని రాశావు. అయితే ఈ ఉత్తరం భరించక తప్పదు. "కరెంటు ఇంజనీరుకు సంభావ్యతతో ఏమి పని? స్విచ్ వేస్తే వెలుగుతుంది, తీస్తే ఆరుతుంది" అని ఎగతాళి చేశావు కదా. లెక్కల మాస్టారివి, నీకు లెక్కతోనే జవాబు.

ఎక్కడ ఎంత ఉత్పత్తి, ఎక్కడ ఎంత వాడకం అన్నది ఇస్తే, ఏ లైనులో ఎంత కరెంటు పారుతుందో, ఏ చోట వోల్టేజి ఎంత ఉంటుందో న్యూటన్-రాఫ్సన్ పద్ధతి (ఒక అంచనాతో మొదలుపెట్టి, దాన్ని సరిదిద్దుకుంటూ సమీకరణాలు తేల్చే పద్ధతి) చిటికెలో తేల్చేస్తుంది. దీన్నే లోడ్ ఫ్లో అంటాం. చిక్కంతా మనం ఇచ్చే అంకెల్లో ఉంది. దేవరకొండ వైపు బోరు కింద వరి వేసిన రైతు రేపు ఏ వేళకు మోటారు వేస్తాడో ఆయనకే తెలియదు, ఇక నాకెలా తెలుస్తుంది? 1974లో బార్బరా బోర్కోవ్‌స్కా దీనికి దారి చూపింది: ఒక్క అంకెకు బదులు ఏ విలువకు ఎంత అవకాశమో ఇద్దాం, జవాబునూ అలాగే తీసుకుందాం.

100 కేవీఏ (ట్రాన్స్‌ఫార్మర్ మోయగల భారానికి కొలత) ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి అనుకో. దాని కింద 5 హెచ్‌పీ మోటార్లు 20. ఒక్కొక్కటి సుమారు 5.5 కేవీఏ లాగుతుంది. ఏ క్షణంలోనైనా ఒక మోటారు నడుస్తూ ఉండే అవకాశం 0.6 అనుకుందాం. సగటున 12 నడుస్తాయి, అంటే 66 కేవీఏ. నిశ్చింతే! 19 లేదా 20 నడిస్తేనే హద్దు దాటుతుంది. ద్విపద విభాజనంతో (ఇరవైలో ఎన్ని నడవడానికి ఎంత అవకాశమో చెప్పే సూత్రం) లెక్క కట్టి చూడు, దానికి అవకాశం రెండు వేలల్లో ఒకటి. ఇరవైకి ఇరవై నడవడమైతే 27 వేలల్లో ఒకటి.

మరి ట్రాన్స్‌ఫార్మర్లు ఎందుకు కాలుతున్నాయి? ఈ లెక్కలో ఏ మోటారు దారి దానిదే అనుకున్నాం కాబట్టి. కరెంటు పోయి వచ్చిందనుకో, ఆటో స్టార్టర్లు (కరెంటు రాగానే మోటారును తమంతట తామే నడిపించే పరికరాలు) ఉంటే ఇరవై మోటార్లూ ఒక్కసారే లేస్తాయి, పైగా లేచేటప్పుడు ఒక్కొక్కటి మామూలుకు ఐదారు రెట్లు లాగుతుంది. 27 వేలల్లో ఒకటి కాస్తా కరెంటు వచ్చిన ప్రతిసారీ జరిగే పని అయిపోయింది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వడం మొదలుపెట్టేటప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని తెలంగాణ ప్రభుత్వం రైతులను బతిమాలింది గుర్తుందా? భూగర్భజలం అడుగంటుతుందన్న బెంగ దాని వెనుక ఉంది. నాకు మాత్రం అందులో ఈ లెక్కే కనిపించింది.

అందుకే నా ఓటు మాంటీ కార్లో పద్ధతికి. యాదృచ్ఛికంగా అంకెలు తీసి, లోడ్ ఫ్లోను వేల సార్లు నడిపి, వోల్టేజి ఎన్నిసార్లు హద్దు దాటిందో లెక్కపెట్టడమే. మొరటు పద్ధతే, పది రెట్లు కచ్చితత్వం కావాలంటే వంద రెట్లు నడపాలి. హాంగ్ అనే పరిశోధకుడు 1998లో చెప్పిన బిందు అంచనా పద్ధతిలో (యాదృచ్ఛికంగా కాక, ఎంచుకున్న కొన్ని విలువల దగ్గరే లెక్క నడిపే పద్ధతి) తెలియని రాశులు 20 ఉంటే 41 సార్లు నడిపితే చాలు. చూడముచ్చటగా ఉంటుంది. కానీ మోటార్లన్నీ కలిసి లేవడం లాంటి వాటిని మాంటీ కార్లోలో ఉన్నది ఉన్నట్టు పెట్టేయవచ్చు. అరుదైన ప్రమాదాలు విభాజనం అంచుల్లో దాక్కుంటాయి, అక్కడ ముచ్చటతో పని జరగదు.

ఇప్పుడు నీకో పని. మీ వైపు సౌర ఫలకాలున్న ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు వెళ్లే లైను) తీసుకో. మబ్బు పడితే పక్కపక్క ఫలకాలన్నీ ఒకేసారి నీరసిస్తాయి. కానీ అదే మబ్బు వాన కురిపిస్తే రైతు మోటారు ఆపేస్తాడు, వాడకమూ తగ్గుతుంది. వాడకంలోంచి ఉత్పత్తి తీసేయగా మిగిలినదే సబ్‌స్టేషన్ మోయాలి కాబట్టి, ఈ రెండింటి సహసంబంధం (రెండూ ఎంతగా కలిసి పెరిగి తగ్గుతాయన్న కొలత) ఎంత ఉంటే ఆ మిగులులో ఊగిసలాట తగ్గుతుందో కట్టి పంపు. వాన పడని ఉత్త మబ్బుకు వేరే లెక్క వేయడం మరిచిపోకు.

ఇట్లు
నీ స్నేహితుడు