మీటరు లెక్క జనం ముందు పెట్టాలి

సంపాదకుడికి,

అయ్యా, పది రోజుల కిందట డేటా సెంటర్ల (ఇంటర్నెట్ నడిపే పెద్ద పెద్ద కంప్యూటర్ల కేంద్రాల) మీద మీరు వేసిన సగం పేజీ కథనం చదివాను. తెలిసినవాళ్లు ఎవరైనా జవాబు రాస్తారని ఆగాను. ఎవరూ రాయలేదు. పైగా మొన్న ఆదివారం అదే మాట మళ్లీ మీ పత్రికలో కనిపించింది: పొగ రాదు, మురుగు రాదు, వాడిన నీళ్లే మళ్లీ మళ్లీ తిప్పుతారు కాబట్టి చుక్క కూడా వృథా కాదు అని. ఈ చివరి మాట చదివాక ఊరుకోలేకపోయాను.

నేను ఇరవై ఎనిమిదేళ్లు ఒక కర్మాగారంలో కూలింగ్ టవర్ల దగ్గర షిఫ్టు డ్యూటీ చేశాను. సర్వర్ల, అంటే ఆ కేంద్రాల్లోని కంప్యూటర్ల దగ్గర గొట్టాల్లో తిరిగే నీళ్లు అలా తిరుగుతూనే ఉంటాయి, అది నిజమే. కానీ ఆ నీళ్లు మోసుకొచ్చే వేడి ఎక్కడో ఒకచోట బయటికి పోవాలి కదా. చాలా కేంద్రాల్లో ఆ పని చేసేది కూలింగ్ టవర్. అక్కడ నీళ్లు ఆవిరైతేనే వేడి పోతుంది, ఆవిరైన నీళ్లు మళ్లీ మన చేతికి రావు. మిగిలిన నీళ్లలో ఉప్పు, సున్నం పేరుకుంటాయి కాబట్టి కొంత బయటికి వదిలేయాలి. దాన్ని బ్లోడౌన్ అంటాం. ఈ రెండింటికీ సరిపడా మేకప్ వాటర్, అంటే కొత్త నీళ్లు, రాత్రీపగలూ నింపుతూనే ఉండాలి. మేకప్ వాల్వు కాసేపు మూస్తే టవర్ కింది బేసిన్‌లో నీటి మట్టం ఎంత తొందరగా పడిపోతుందో, అప్పుడు మాకు ఎంత టెన్షన్ పట్టుకునేదో ఆ పని చేసిన ఎవరిని అడిగినా చెబుతారు.

లెక్క కూడా కష్టమైనదేం కాదు. సర్వర్ తీసుకున్న కరెంటు దాదాపు అంతా వేడిగానే మారుతుంది. ఒక యూనిట్ వేడిని పూర్తిగా ఆవిరితోనే పోగొట్టాలంటే సుమారు ఒకటిన్నర లీటర్ల నీళ్లు కావాలి. 100 మెగావాట్ల కేంద్రం రోజంతా పూర్తి లోడ్‌తో నడిస్తే 24 లక్షల యూనిట్లు. అంటే ఒక్క రోజుకు 36 లక్షల లీటర్లు, అదీ బ్లోడౌన్ కలపకుండా. చలికాలంలో ఇంత పట్టదు, ఒప్పుకుంటాను. కానీ టవర్ ఎక్కువగా తాగేది మండే ఎండల్లోనే, జనానికి నీళ్లు కరువైన రోజుల్లోనే. ఆ రోజుల లెక్క అడిగితే ఏడాది సగటు చూపిస్తారు. సగటుతో ఎవరి దాహం తీరుతుంది?

టవర్ లేకుండా ఫ్యాన్లతో, చిల్లర్లు అనే శీతల యంత్రాలతోనే చల్లబరచవచ్చు అంటారు. చేయవచ్చు, కానీ కరెంటు ఎక్కువ పడుతుంది. ఆ కరెంటు బొగ్గు కేంద్రం నుంచి వస్తే అక్కడా నీళ్లు ఆవిరవుతాయి. అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల వేసిన అంచనా ప్రకారం 2023లో ఆ దేశపు డేటా సెంటర్లు నేరుగా ఖర్చు చేసిన నీళ్లు సుమారు 6,600 కోట్ల లీటర్లు. వాటికి కరెంటు తయారు చేయడానికి పోయిన నీళ్లు దాదాపు 80,000 కోట్ల లీటర్లు. ఈ రెండో అంకె మీ కథనంలో మాటమాత్రంగానైనా లేదు.

ఇక కరెంటు సంగతి. ఐర్లాండ్‌లో 2015లో మీటర్లలో నమోదైన మొత్తం కరెంటు వాడకంలో డేటా సెంటర్ల వాటా 5 శాతం. 2023కి అది 21 శాతం అయింది. పట్టణాల్లోని ఇళ్లన్నీ కలిపి వాడింది 18 శాతమే. ఎనిమిదేళ్లలో ఇంత మార్పు వస్తే ఏ గ్రిడ్ తట్టుకుంటుంది?

వీటన్నిటికంటే నాకు కోపం తెప్పించేది దాపరికం. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ద డాల్స్ అనే చిన్న ఊరుంది. అక్కడ గూగుల్ ఎన్ని నీళ్లు వాడుతోందో చెప్పమని ఒక పత్రిక అడిగింది. అది వ్యాపార రహస్యమంటూ ఆ ఊరి పాలకులు పత్రిక మీదే కోర్టుకు వెళ్లారు. ఏడాదికి పైగా కొట్లాట నడిచాక 2022 డిసెంబరులో అంకెలు బయటపెట్టారు. 2021లో సుమారు 134 కోట్ల లీటర్లు, అంటే ఊరు మొత్తం వాడిన నీళ్లలో పావు వంతుకు పైనే! ఉరుగ్వేలోనూ ఇంతే. అక్కడ గూగుల్ ప్రతిపాదించిన కేంద్రానికి రోజుకు 76 లక్షల లీటర్లు కావాలన్న సంగతి కోర్టు ఆదేశిస్తే గానీ జనానికి తెలియలేదు. అక్కడ 2023 కరువులో రాజధాని కుళాయిల్లో ఉప్పునీళ్లు వచ్చాయి. ఆ తర్వాతే కంపెనీ గాలితో చల్లబరిచే పద్ధతికి మారింది. అంటే అడిగేవాళ్లు ఉంటే మారుతుంది. అడగాల్సిన అధికారులే నోరు మెదపకపోతే ఎలా?

అధికారుల తనిఖీలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. మా ప్లాంటులో ఒకసారి నీటి మీటరు ఆరు నెలలు చెడిపోయి ఉంది. రిజిస్టర్లో పాత అంకెలనే అటూ ఇటూ మార్చి రాసేవాళ్లం. తనిఖీకి వచ్చిన పెద్దమనిషి మీటరు దగ్గరికి కూడా వెళ్లకుండా సంతకం పెట్టి వెళ్లిపోయారు. అప్పుడు నేనూ మాట్లాడలేదు, అది నా తప్పే. ఏ శాఖ చూసినా కాగితం నిండితే పని అయిపోయినట్టే లెక్క. ప్రజాభిప్రాయ సేకరణ అంటారు, నివేదిక మాత్రం మామూలు మనిషి చదవలేని భాషలో ఇస్తారు. పత్రికలు కూడా వెనకటిలా లేవని బాధతో రాస్తున్నాను. కంపెనీ పంపిన ప్రకటనకు, విలేకరి కష్టపడి తెచ్చిన వార్తకు తేడా కనిపించడం లేదు.

నేను ఈ కేంద్రాలు వద్దనడం లేదు. నా పింఛను కూడా ఫోన్లోనే చూసుకుంటాను. యూరోపియన్ యూనియన్‌లో 500 కిలోవాట్లు, ఆపైన ఉన్న డేటా సెంటర్లు కరెంటు, నీళ్ల లెక్కలు ఏటా నివేదించాలని నిబంధన పెట్టారు. నేనైతే అదీ చాలదంటాను. కేంద్రం వారీగా, నెల వారీగా, మీటరు రీడింగ్ జనం చూసేలా పెట్టాలి. నీళ్లు ఏ వనరు నుంచి తీసుకుంటున్నారు, అందులో ఎంత ఆవిరైంది, ఎంత బయటికి వదిలారు అన్నది విడివిడిగా చెప్పాలి. మురుగునీటిని శుద్ధి చేసి వాడే వీలున్నచోట తాగునీటి గొట్టం ఇవ్వకూడదు. కరువు వస్తే ముందు ఎవరికి నీళ్లు తగ్గిస్తారో అనుమతి పత్రంలోనే రాసి ఉండాలి.

ఆ కథనం రాసిన విలేకరినే మళ్లీ పంపించండి. గత ఎండాకాలంలో రోజుకు ఎంత మేకప్ వాటర్ తీసుకున్నారో అడగమనండి. జవాబు ఇస్తే ఆ అంకె, ఇవ్వకపోతే ఇవ్వలేదన్న సంగతి, అదే సగం పేజీలో వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత కూలింగ్ టవర్ ఆపరేటర్