జోలపాటల సంఘం: ఈ ఏడాది వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పురిటి పాటలు, జోలపాటలు పోగుచేసుకోవడానికి మనం పెట్టుకున్న సంఘం ఈ ఏడాది మొదటిసారి మన ఊళ్ళు దాటింది. చైనాలో గ్విజౌ, హునాన్, గ్వాంగ్షీ ప్రాంతాలు కలిసే కొండల్లో ఉండే డోంగ్ ప్రజల పురిటి ఆచారాల గురించి నెలనెలా చదువుకుని మాట్లాడుకున్నాం. వాళ్ళు తమను కామ్ అని చెప్పుకుంటారు. 2020 లెక్కల్లో సుమారు 35 లక్షల మంది. వాళ్ళ బృందగానం 2009లో యునెస్కో జాబితాకెక్కింది.

ఎక్కువ చర్చ పుట్టింటి మీదే నడిచింది. పాతరోజుల్లో చాలా డోంగ్ ఊళ్ళలో పెళ్ళయిన అమ్మాయి వెంటనే కాపురానికి వెళ్ళేది కాదు. పండగలకీ, నాట్లకీ, కోతలకీ అత్తారింటికి వెళ్ళొచ్చేది. కడుపు పండాకే అక్కడ స్థిరపడేది. మనకేమో తొలి పురుడు పుట్టింట్లోనే. "అమ్మ లేకుండా పురుడెట్లా?" అని ఒక పెద్దమ్మగారు టెన్షన్ పడ్డారు. అమ్మ వస్తుంది. మూడోనాడో, కొన్నిచోట్ల నెల నిండాకో చేసే విందుకి అమ్మమ్మ వైపువాళ్ళు జిగురు బియ్యం, గుడ్లు, కోళ్ళు, బట్టలు కావిళ్ళలో మోసుకొస్తారు.

వాటిల్లో నాకు బాగా నచ్చింది బిడ్డను వీపున కట్టుకునే గుడ్డ. అమ్మమ్మ ఇంటినుంచి వచ్చేది. నీలిమందులో పదేపదే ముంచి, ఆరబెట్టి, కొయ్య సుత్తితో కొట్టి కొట్టి నిగనిగలాడేలా చేసిన బట్ట. దాని మీద పట్టుదారంతో చంద్రుడు, చుట్టూ పువ్వులు. పొడవాటి పట్టీలు భుజాల మీంచి వచ్చి, రొమ్ము మీద అడ్డంగా దాటి, నడుముకి ముడిపడతాయి. ఒక సమావేశంలో మనవాళ్ళు పాత నేతచీరతో అలాంటిది కుట్టారు. పట్టీలు జానెడు తక్కువై ముడి నిలవలేదు. అతుకేసి మళ్ళీ కట్టాక, ఓ సభ్యురాలి మనవడు ఆవిడ మెడకి చెంప ఆనించి నిద్రపోయాడు. అప్పుడు ఆవిడ సన్నగా పాడిన జోల రికార్డయింది. ఈ ఏడాది మన సేకరణలో అన్నిటికన్నా నాకు ప్రియమైనది అదే.

పేర్ల సంగతీ చెప్పాలి. తొలి బిడ్డకి పేరు పెట్టాక తల్లిదండ్రుల్ని ఊరంతా "ఫలానా వాళ్ళ అమ్మ", "ఫలానా వాళ్ళ నాన్న" అనే పిలుస్తుంది. తాతకీ, మామ్మకీ అంతే. మనకీ "బుజ్జిగాడి అమ్మ" ఉంది గానీ, తండ్రి పేరు కూడా ఇలా మారడం మన దగ్గర అరుదు. అది నాకు చాలా ముచ్చటేసింది.

బిడ్డ పుట్టగానే కొండవాలున ఫర్ (సూదుల్లాంటి ఆకులుండే కలప చెట్టు) మొక్కలు నాటడం ఇంకో ఆచారం. పద్దెనిమిదేళ్ళకి పిల్లలూ చెట్లూ ఎదుగుతారు, ఆ కలప పెళ్ళి ఖర్చుకో కొత్త ఇంటికో పనికొస్తుంది. వాళ్ళ ఇళ్ళూ, ఊరంతా కూడే డోలు గోపురాలూ ఆ కలపతోనే కడతారు. ఇది విన్నాక మన సభ్యులిద్దరు మనవరాళ్ళ పేరున దొడ్లో టేకు నాటారు.

జమాఖర్చుల కాగితం విడిగా జతచేశాను. వచ్చే ఏడాది ఇంకో మూడు గుడ్డలు కుడదామనుకుంటున్నాం. ఇంట్లో పాత నేతచీరలుంటే ఉతికి తెచ్చివ్వండి. పట్టీలకి అంచు గట్టిగా ఉన్నవైతే మరీ మంచిది.

కార్యదర్శి